మీనా ఎవరి కథ?
(చిక్కడపల్లిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవలలు, వాటి ఆధారంగా వచ్చిన సినిమాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. భరణం కేసులు, జీతాల ఎగవేతలు, ఇంట్లో దెబ్బలు చర్చించుకునే ఈ గదిలో యద్దనపూడి సులోచనారాణి నవలల గురించి మాట్లాడితే వినేవాళ్ళకు ఓపిక ఉంటుందా అనిపించింది. పైగా నేను సాహిత్య విమర్శకురాలిని కాను. చదివింది సమాజశాస్త్రం. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చివర్లో చెప్తాను. అది నేను చేసిన ఒక తప్పుకు సంబంధించిన సంగతి.

ముందుగా ఒక్క మాట. "నవల ఎంతో బాగుంది, సినిమా పాడుచేశారు" అని మనమందరం ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటాం. ఆ మాట నేనివాళ అనబోవడం లేదు. నవల పవిత్రమైనదీ, సినిమా అపవిత్రమైనదీ అన్న ధోరణిలో కొంత చదువుకున్నవాళ్ళ అహం ఉంది. అక్షరం రాని స్త్రీకి కథ చేరింది సినిమా వల్లే. కాబట్టి ఏది గొప్ప అన్న చర్చ పక్కన పెడదాం. ఒక స్త్రీ రాసిన కథ ఇంకొకరి చేతిలోకి వెళ్ళినప్పుడు అందులో ఏం మిగులుతుంది, ఏం పోతుంది, పోయినదాన్ని గురించి అడిగే హక్కు ఎవరికుంది? నాకు ఆసక్తి ఉన్నది ఈ ప్రశ్నల మీద.

మనం కూర్చున్న ఈ చోటు ఆ చర్చకు తగిన చోటే. ఒకవైపు నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఇంకోవైపు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లు. ఈ కొసనుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. మా చిన్నతనంలో ఈ రెంటికీ మధ్య మూడోది కూడా ఉండేది. అద్దె పుస్తకాల కొట్టు. అశోక్‌నగర్‌లో మా ఇంటి వెనక సందులో, ఒక కుట్టుమిషను దుకాణం పక్కన, మనిషి ఒక్కడు పక్కకు తిరిగి నిలబడేంత జాగాలో నాలుగు అరల నిండా నవలలు. డిపాజిట్ కట్టి, రోజుకింత అని అద్దె ఇవ్వాలి. పుస్తకాలు మార్చుకురావడం నా పని. అమ్మ చీటీ మీద మూడు పేర్లు రాసిచ్చేది, మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఆ అట్టలకు న్యూస్‌పేపరు తొడుగు వేసి ఉండేది. కొట్టువాడు వేసినది కాదు, అమ్మ వేసేది. మా నాయనమ్మకు నవలలు గిట్టేవి కావు. పేపరు తొడుగు వేస్తే అది నా స్కూలు పుస్తకంలా కనిపించేది.

ఇప్పుడు ఆ కొట్టు లేదు. గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. అశోక్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అయిపోయింది. దాన్ని నేను విచారంగా చెప్పడం లేదు. ఆ చదివే పిల్లల్లో సగం మంది ఆడపిల్లలైతే నవలలు పోయాయని ఏడవాల్సిన పని లేదు.

అమ్మ ఎక్కువసార్లు తెప్పించుకున్న పుస్తకం "మీనా". మీలో చాలామంది చదివే ఉంటారు. చదవనివాళ్ళ కోసం రెండు మాటల్లో చెప్తాను. డబ్బున్న ఇంట్లో ఒక్కతే కూతురు మీనా. ఇంట్లో మాట తల్లిది. తండ్రి మెత్తనివాడు, నోరెత్తడు. తల్లి చూపించిన సంబంధం, తల్లి గీసిన గీత. తల్లి ఊళ్ళో లేని సమయంలో మీనా పల్లెటూళ్ళో ఉన్న మేనత్త ఇంటికి వెళుతుంది. ఆ ఇంటిని, అక్కడి మనుషులను, ముఖ్యంగా మేనత్త కొడుకు కృష్ణను ఇష్టపడుతుంది. తల్లి ఒప్పుకోదు. ఆ తర్వాత ఏమవుతుందో మీరు ఊహించగలరు.

ఇందులో స్త్రీవాదం ఎక్కడుంది అని మీరడగవచ్చు. లేదు. ఉందని నేను వాదించను. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి, తల్లి అధికారం నుంచి భర్త సంసారానికి మారడమే ఇక్కడ స్వేచ్ఛ. పల్లెటూళ్ళో మీనా నేర్చుకునేది ఇంటిపని. పనిమనుషులున్న ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టి అది ఆమెకు సంతోషంగా ఉంటుంది. ఆ పని రోజూ చేసే స్త్రీలకు అందులో అంత ఆనందం ఉందా అని కథ అడగదు. ఇవన్నీ నిజమే.

అయినా మా అమ్మలాంటి వేలమంది స్త్రీలు ఆ పుస్తకాన్ని ఎందుకు పదేపదే చదివారు? "కలల బేరం" అని మన విమర్శకులు తేలిగ్గా కొట్టిపారేశారు. అరవైలు, డెబ్భైలలో రచయిత్రుల నవలలు వారపత్రికలను నిలబెట్టాయి. స్త్రీ పేరుకు అప్పుడు ఎంత గిరాకీ అంటే "పురాణం సీత" పేరుతో "ఇల్లాలి ముచ్చట్లు" రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. పత్రిక అమ్ముకోవడానికి స్త్రీ పేరు కావాలి. సాహిత్యం దగ్గరకు వచ్చేసరికి అదే పేరు చూసి "వంటింటి నవల" అని మూతి విరుపు.

నాకు అర్థమైనంతవరకు ఆ పుస్తకాలు స్త్రీలకు ఇచ్చింది హీరోను కాదు, సమయాన్ని. మీనా ఏదైనా నిర్ణయించుకోవడానికి పేజీలకు పేజీలు పడుతుంది. వెళ్ళాలా వద్దా, అమ్మకు చెప్పాలా వద్దా, తను అనుకుంటున్నది ప్రేమేనా, లేక అమ్మ మీద కోపమా? ఒక ఆడపిల్ల తన మనసులో తను ఇంతసేపు తర్జనభర్జన పడటం, దాన్ని ఎవరూ "ఇంకెంతసేపు?" అని అడ్డుకోకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. చదివే స్త్రీ కూడా ఆ పుస్తకాన్ని తన సమయానికి తగ్గట్టు చదివింది. పాలు పొంగుతుంటే పేజీ మడిచి లేచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మధ్యలో తన ఆలోచన తను చేసుకుంది. అమ్మ "మీనా" చదువుతూ పప్పు మాడబెట్టడం నాకు గుర్తుంది. ఆ రోజు నాయనమ్మ ఏమన్నదో చెప్పనవసరం లేదు.

సినిమాకు ఆ సమయం లేదు. దాని గడియారం వేరు.

"మీనా" సినిమాగా 1973లో వచ్చింది. ఆ సంగతి మన చరిత్రలో ఇంకా సరిగ్గా రాయబడలేదు. దాని దర్శకురాలు విజయనిర్మల. అదే సంవత్సరం మలయాళంలో "కవిత" తీసిన తర్వాత తెలుగులో ఆమె దర్శకత్వం వహించిన మొదటి సినిమా ఇది. మీనా పాత్ర కూడా ఆమెదే. కృష్ణ కథానాయకుడు, సంగీతం రమేష్ నాయుడు. అంటే కథ స్త్రీది, పాత్ర స్త్రీది, ఆ పాత్ర వేసింది స్త్రీ, కెమెరా వెనక నిలబడిందీ అదే స్త్రీ. అంతకుముందు భానుమతి 1953లో "చండీరాణి", సావిత్రి 1968లో "చిన్నారి పాపలు" తీశారు. వేళ్ళమీద లెక్కపెట్టదగిన పేర్లు. విజయనిర్మల మటుకు ఆగలేదు. ప్రపంచంలో ఎక్కువ సినిమాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 2019లో చనిపోయారు.

1973లో మా అమ్మకు పద్దెనిమిదేళ్ళు. నారాయణగూడలో కాలేజీ. క్లాసు ఎగ్గొట్టి అయిదుగురు స్నేహితురాళ్ళు మ్యాట్నీకి వెళ్ళారట. అందరూ నవల చదివినవాళ్ళే. మొదటి అరగంట తెరమీది ప్రతి మనిషినీ తమ మనసులోని మనిషితో సరిపోల్చుకుని గుసగుసలాడుకుంటుంటే వెనక వరసవాళ్ళు కసిరారట. ఈ సరిపోల్చడం నవలా పాఠకురాళ్ళ హక్కు. "సెక్రటరీ" 1976లో సినిమా అయినప్పుడు కూడా ఇదే జరిగింది. నవలలో రాజశేఖరాన్ని ఊహించుకున్న అమ్మాయిలకు తెరమీద యాభై దాటిన అక్కినేని నాగేశ్వరరావు గారు కనిపించారు. ఆయన మంచి నటుడు కాదని కాదు. ఇరవయ్యేళ్ళ పాఠకురాలి ఊహకూ, నిర్మాత లెక్కకూ ఉన్న దూరం అది. "జీవన తరంగాలు", "ప్రేమలేఖలు", "అగ్నిపూలు" కూడా ఆమె నవలలే, సినిమాలయ్యాయి. ఒకే రచయిత్రి నుంచి పరిశ్రమ ఇంత తీసుకుంది.

స్త్రీ దర్శకత్వం వహించింది కాబట్టి "మీనా" సినిమా స్త్రీ పక్షాన నిలబడిందా? నేను ఆ సినిమాను చాలా ఏళ్ళ తర్వాత ఇంట్లో టీవీలో చూశాను. కథను ఆమె పెద్దగా మార్చలేదు. నవల మీద ఆమెకు గౌరవం ఉందని తెలుస్తుంది. కానీ ఆలోచించే మీనా కన్నా మాట్లాడే మీనా, పాడే మీనా ఎక్కువ కనిపిస్తుంది. తప్పు దర్శకురాలిది అనలేను. పాటలు, హాస్యం, ఇద్దరు తారల జంట అన్నీ కుదరాలి. ఆ మూసలో ఒక అమ్మాయి మౌనంగా కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తే డబ్బు పెట్టినవాళ్ళు ఊరుకోరు. కెమెరా వెనక స్త్రీ ఉండటం అవసరమే, కానీ చాలదు. డబ్బు ఎవరిది, పంపిణీ ఎవరిది, టికెట్టు కొనేది ఎవరు అని కూడా అడగాలి. మన ఆఫీసుల్లో స్త్రీని పై కుర్చీలో కూర్చోబెట్టి పద్ధతులన్నీ పాతవే ఉంచినప్పుడు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

ఇక 2016. "అ ఆ". త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వం. అమ్మకు అప్పుడు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. "మీనా మళ్ళీ తీశారట" అని ఎవరో చెప్పారు. నన్ను వెంటబెట్టుకుని క్రాస్ రోడ్స్‌కు వెళ్ళింది. కథ అదే. డబ్బూ మాటా రెండూ చేతిలో ఉన్న తల్లి, నోరులేని తండ్రి, పల్లెటూళ్ళో మేనత్త ఇల్లు, అప్పుల్లో ఉన్న బావ. తండ్రి వేషం వేసింది నరేష్, అంటే 1973లో మీనా తీసిన, మీనాగా వేసిన విజయనిర్మల కొడుకు. ఇది అమ్మే నాకు చెప్పింది, ఇంటర్వెల్‌లో, ఎంతో సంతోషంగా.

పేరు గమనించండి. నవల పేరు ఒక అమ్మాయి పేరు. మొదటి సినిమా పేరు కూడా అదే. 2016కు వచ్చేసరికి అమ్మాయి పేరు అనసూయ రామలింగం, అబ్బాయి పేరు ఆనంద్ విహారి. "అ" ఆమెది, "ఆ" అతనిది. సినిమా పేరులో సగం ఆమె, సగం అతను. నలభై మూడేళ్ళలో మనం ముందుకు నడిచామని అనుకుంటాం కదా, కథ పేరులో మటుకు ఆమె వాటా సగానికి తగ్గింది. ఇది ఎవరో కుట్రపన్ని చేశారని నేననను. అక్షరాల చమత్కారం బాగుంది కాబట్టి పెట్టుకున్నారు. చమత్కారం కోసం మనం ఏం వదులుకుంటున్నామో గమనించకపోవడమే భావజాలం పనిచేసే తీరు.

సినిమా అయ్యాక మెట్లు దిగుతూ అమ్మ అడిగింది: "ఆ తల్లి చేసిన తప్పేమిటే?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అహంకారం, డబ్బు పొగరు, కూతురి మనసు తెలుసుకోకపోవడం అని ఏవో చెప్పాను. అమ్మ అంది: "అదే పని మీ నాన్న చేస్తే క్రమశిక్షణ అన్నారు. మా నాన్న చేస్తే పెద్దమనిషి అన్నారు. ఇంట్లో సంబంధాలు చూసేదీ, ఎవరికి అప్పివ్వాలో వద్దో చెప్పేదీ మగవాడైతే అసలు కథే లేదు."

నిజంగానే కథ లేదు. ఆ తల్లిదండ్రుల స్థానాలు మార్చి చూడండి. మాట చెల్లించుకునే తండ్రి, తలవంచుకుని ఉండే తల్లి. తెలుగు దేశంలో సగం ఇళ్ళు అలాంటివే. అందులో నవలకు పనికొచ్చే వింత ఏముంది? స్త్రీ చేతిలోకి అధికారం వచ్చినప్పుడే అది కథ అవుతుంది. ఆ అధికారం ఆమె చేతినుంచి పోయినప్పుడే కథ సుఖాంతమవుతుంది. నవల, 1973 సినిమా, 2016 సినిమా మూడూ ఈ విషయంలో ఒకటే. రచయిత్రి స్త్రీ, మొదటి దర్శకురాలు స్త్రీ, రెండో దర్శకుడు పురుషుడు. తల్లి విషయంలో ముగ్గురిదీ ఒకే తీర్పు. నలభై ఏళ్ళపాటు ఆ నవలను ప్రేమించిన మా అమ్మకు ఈ ప్రశ్న అరవై దాటాక వచ్చింది. పుస్తకం చదువుతున్నప్పుడు ఆమె మీనా. థియేటర్లో కూర్చున్నప్పటికి ఆమె తల్లి.

"అ ఆ" విడుదలైనప్పుడు ఇంకో వివాదం కూడా నడిచింది. సినిమా మొదట్లో రచయిత్రి పేరు కనిపించలేదని పాఠకులు గుర్తించారు, పత్రికల్లో విమర్శ వచ్చింది. తర్వాత ఆమె పేరు చేర్చారు. అప్పటికి సులోచనారాణి గారు ఉన్నారు. 2018లో చనిపోయారు. నాకు ఆశ్చర్యం కలిగించింది పేరు తప్పిపోవడం కాదు, దాన్ని పట్టుకున్నది ఎవరన్నది. విమర్శకులు కాదు, సాహిత్య సంస్థలు కాదు. పేజీలు మడిచి చదివిన పాఠకురాళ్ళు. "ఇది మా మీనా" అన్నారు.

హక్కుల పత్రిక చదివేవాళ్ళం కాబట్టి చట్టం సంగతి కొంచెం చూద్దాం. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. రచన మీది హక్కులన్నీ అమ్ముకున్నా రెండు హక్కులు రచయితతోనే ఉంటాయని అది చెబుతుంది. ఒకటి, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు. రెండోది, తన రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు. సినిమాల విషయంలో ఈ సెక్షన్‌కు ప్రాణం పోసింది ఒక స్త్రీ. హిందీ రచయిత్రి మన్నూ భండారీ. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగే పిల్లవాడి కథ "ఆప్ కా బంటీ" ఆమె నవల. దాన్ని "సమయ్ కీ ధారా" పేరుతో సినిమా తీశారు. తన పాత్రలనూ ఇతివృత్తాన్నీ వక్రీకరించారని ఆమె కోర్టుకు వెళ్ళారు. సినిమా హక్కులు అమ్మేశారు కదా అన్నది నిర్మాతల వాదన. 1986లో ఢిల్లీ హైకోర్టు ఏమన్నదంటే, సినిమా కోసం కొన్ని మార్పులు తప్పవు, కానీ నవలను గుర్తుపట్టలేని ఇంకో వస్తువుగా మార్చే హక్కు డబ్బిచ్చినంత మాత్రాన రాదు, 57వ సెక్షన్ ఒప్పందం కన్నా పైది. చివరకు ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. ఆమె పేరూ నవల పేరూ సినిమాకు తగిలించకూడదన్నది ఆ రాజీ. గమనించారా? మనం పేరు వెయ్యమని పోరాడుతున్నాం, ఆమె పేరు తియ్యమని పోరాడింది. రెండూ ఒకే హక్కు.

అదే రచయిత్రి కథ "యహీ సచ్ హై" 1974లో బాసు చటర్జీ "రజనీగంధ"గా తీశారు. ఇద్దరు పురుషుల మధ్య ఊగిసలాడే అమ్మాయి డైరీ అది. ఆ ఊగిసలాటను సినిమా తొందరపెట్టకుండా చూపించింది. కాబట్టి సినిమాకు చేతకాదని నేనన్నది పూర్తిగా నిజం కాదు. చెయ్యదలచుకుంటే చేతనవుతుంది.

1994లో ఆ సెక్షన్‌ను సవరించి, వక్రీకరణ వల్ల తన గౌరవానికో ప్రతిష్టకో భంగం కలిగిందని చూపించాలన్న షరతు పెట్టారు. రచయితల పని కష్టమైంది. 2012 సవరణ కొంత మేలు చేసింది. సినిమాలో వాడిన సాహిత్యానికి, థియేటర్ ప్రదర్శన కాక ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయిత వాటాను ఒప్పందంలో రాయించుకుని కాజేయడం కుదరదని చెప్పింది. పాత ఒప్పందాలు చేసుకున్న రచయిత్రుల కుటుంబాలకు ఇవి తెలియాలి. మీలో న్యాయవాదులు ఉన్నారు, మీరు నాకన్నా బాగా చెప్పగలరు.

అడగడానికి మనిషే లేనప్పుడు ఏమవుతుంది? డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు" మీకు తెలుసు. 1957 ప్రాంతంలో "తెలుగు స్వతంత్ర"లో సీరియల్‌గా వచ్చింది. అందులో ఇందిర లాంటి స్త్రీ తెలుగు నవలలో అంతకుముందు లేదు. ఎవరి జాలీ అడగదు, చేసినదానికి సంజాయిషీ ఇవ్వదు, స్వార్థం ఉందని ఒప్పుకుంటుంది, తన బతుకు తను నిర్ణయించుకుంటుంది. రచయిత్రి ఆమెను శిక్షించదు. అది ఆ రోజుల్లో ఎంత పెద్ద సాహసమో! శ్రీదేవి 1961లో, ముప్పయ్యేళ్ళు దాటిన కొద్దికాలానికే చనిపోయారు. ఆదుర్తి సుబ్బారావు ఆ నవల ఆధారంగా తీసిన సినిమా 1963లో వచ్చింది. దాని పేరు "చదువుకున్న అమ్మాయిలు". సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ ఉన్నారు, సరదా అయిన సినిమా, పాటలు బాగుంటాయి. కానీ కాలానికి అతీతమైన వ్యక్తులు కాస్తా చదువుకున్న అమ్మాయిలయ్యారు. "వ్యక్తి" పోయి "అమ్మాయి" వచ్చింది. ఇందిర తెర దాకా రానేలేదు. శ్రీదేవి ఉంటే ఏమనేవారో మనం చెప్పలేం. రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళకు కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి 2022 నుంచి ఆ నవలను ఎవరైనా సినిమా తీసుకోవచ్చు. ఎవరైనా ఇందిరను ఇందిరగా తీస్తే బాగుండునని నా ఆశ.

ఇప్పుడు నా తప్పు సంగతి.

కొన్నేళ్ళ క్రితం నేనూ మరికొంతమంది స్నేహితులూ కలిసి అశోక్‌నగర్ హాస్టళ్ళలో వంటచేసే స్త్రీల జీవితకథలు సేకరించాం. పొద్దున నాలుగింటికి వచ్చి రాత్రి పదింటికి వెళ్ళే స్త్రీలు. ఉద్యోగాల కోసం చదివే పిల్లలకు వండిపెడతారు, తమ పిల్లలు ఇంటిదగ్గర ఏం తిన్నారో తెలియదు. వాళ్ళలో ఒకామె భర్తను వదిలి వచ్చిన సంగతి మాకు చెప్పింది. రికార్డు చేశాం. నేనే రాశాను. దాని ఆధారంగా ఒక వీధినాటిక తయారైంది. కృతజ్ఞతగా ఆమెనే మొదటి ప్రదర్శనకు పిలిచాం. నాటికలో ఆ పాత్ర దెబ్బలు తిని కూలబడి ఏడుస్తుంది. ఒక కార్యకర్త వచ్చి చెయ్యి పట్టుకుని లేపుతుంది. డప్పు మోగుతుంది. జనం చప్పట్లు కొట్టారు.

అయిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, నేను గట్ల ఏడ్వలే" అంది. తర్వాత, "గామె ఎవరు? నన్ను లేపినామె? నాకెవ్వరు రాలే" అంది. తర్వాత, "నా సిలిండర్ ఏది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చెప్పిన కథలో భర్త తాగి పడుకున్నప్పుడు గ్యాస్ సిలిండరూ రేషన్ కార్డూ ఆటోలో పెట్టుకుని బయటికి వచ్చింది. సిలిండర్ ఎత్తలేక వీధిలో దొర్లించుకుంటూ వచ్చానని నవ్వుతూ చెప్పింది. అది నా కాగితాల్లో ఉంది. నాటిక తయారుచేసేటప్పుడు వీధిలో సిలిండర్ మోసుకు తిరగడం కష్టమని తీసేశాం. సిలిండర్ పోగానే ఆమె చేసిన పని పోయింది. ఆ ఖాళీలో మేం మా కార్యకర్తను పెట్టాం. పల్లెటూరి బావ మీనాను కాపాడినట్టు.

నేను నవలల గురించీ సినిమాల గురించీ ఎన్ని మాటలైనా అనగలను. ఇది మటుకు నా చేత్తో జరిగింది. అంతకంటే కష్టమైన మాట ఆమె ఇంకోటి అడిగింది. "నా పేరు లక్ష్మి అని ఎందుకు పెట్టిన్రు?" ఆమె భద్రత కోసం మార్చామని చెప్పాను. మన పద్ధతి అది, మంచి పద్ధతే. భర్త వెతుక్కుంటూ వస్తే ఎవరు జవాబుదారీ? కానీ ఆమె ముఖం చూస్తే ఆ సమాధానం చాలలేదని తెలిసింది. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వేసినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథలను వాళ్ళ పేర్లతో, వాళ్ళ మాటల్లోనే, "నేను" అంటూనే అచ్చువేశారు. ఆ పుస్తకం చదివి పెరిగినదాన్ని నేను. అయినా నా దగ్గరికి వచ్చేసరికి ఒక స్త్రీ కథ కేస్ స్టడీ అయిపోయింది, పేరు మారిపోయింది, ముగింపు మారిపోయింది, మార్చినట్టు నాకు గుర్తుకూడా లేదు.

ఆ తర్వాత నాటికను ఆపి మళ్ళీ రాశాం. సిలిండర్ కోసం వెదురుతో, అట్టలతో ఎర్రటిది ఒకటి చేశాం. తేలిగ్గానే ఉంది. కార్యకర్త పాత్ర తీసేస్తే ఆ పాత్ర వేస్తున్న అమ్మాయి చిన్నబుచ్చుకుంది, ఆమెకు ఆటో డ్రైవర్ వేషం ఇచ్చాం. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాం. రెండుచోట్ల ఆపించి మార్పించింది. పేరు విషయం మటుకు తేలలేదు. అసలు పేరు పెడితే వచ్చే ఇబ్బందులన్నీ చెప్పాం, పెట్టకపోతే తను ఏం పోగొట్టుకుంటుందో ఆమె మాకు చెప్పింది. ఆలోచించుకుని చెప్తానని కాగితాలు తీసుకుని వెళ్ళింది. కూతురితో మళ్ళీ చదివించుకుంటానంది. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. అంతవరకు నాటిక వెయ్యడం లేదు.